ఎడమవైపు రెండో పన్ను

ఇంకా గంట. గంటసేపు ఈ గాజు వెనక, ఈ ప్లాస్టిక్ కుర్చీలో, ఈ బ్లీచింగ్ వాసనలో కూర్చోవాలి. ఆరింటికి కోచ్ విజిల్ ఊదాక కిందికి దిగి, నా ఆరున్నరేళ్ళ కూతురు ఈత కొలను గట్టుమీద అందరి ముందూ నిలబడి క్షమాపణ చెప్తుంటే చూడాలి. చూడాలట. ఆవిడ అలాగే రాసింది తల్లుల గ్రూపులో, పొద్దున పదకొండింటికి, నేను ల్యాబ్‌లో ఎవరిదో కట్టుడు దవడ పన్ను రుద్దుతుండగా: 'పాపతో పాటు తల్లి కూడా ఉంటే బాగుంటుంది.' బాగుంటుందట, సినిమాకి పిలిచినట్టు! దాని కింద ఫోటో. ఆవిడ పదేళ్ళ కూతురి చెయ్యి, మోచేతికి కింద ఎర్రగా రెండు వంకర పంటి గీతలు. దాని కింద పద్నాలుగు మంది తల్లులు పద్నాలుగు ఏడుపు బొమ్మలు పెట్టారు. అయ్యో, అయ్యయ్యో, ఇంజెక్షన్ వేయించారా అని ఒకరు, కుక్క కరిచినా ఇంత లోతు పడదు అని ఇంకొకరు. కుక్క అంది. నా చిన్నదాన్ని. నా వేళ్ళనిండా తెల్లటి పొడి, ఫోన్ తెరమీద మసక, అవతలనించి మా ఓనరు ఆ దవడ పన్ను నాలుగింటికల్లా పోవాలమ్మా అని కేకలు. నేను సరే అని ఒక్క ముక్క రాశాను. ఆ సరే చూసి ఆవిడ బొటనవేలు బొమ్మ పెట్టింది. పెట్టుకోనీ. ఆరింటిదాకా ఎన్ని పెట్టుకుంటుందో పెట్టుకోనీ.

అదిగో, ముందు వరసలో కూర్చుంది, గాజుకి ముక్కు ఆనేంత దగ్గరగా. కెప్టెన్ వాళ్ళమ్మ. ఈ గ్యాలరీలో అందరం ఎవరో ఒకరి అమ్మలమే, ఇక్కడ పేర్లు ఎవరికీ అక్కర్లేదు. కానీ ఈత జట్టు కెప్టెన్ వాళ్ళమ్మ అనేటప్పుడు మాత్రం మిగతా తల్లుల గొంతు కాస్త వంగుతుంది. వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, పైన ముందు పళ్ళలో కుడివైపు క్యాప్ నేను చేసిందే. రెండేళ్ళ క్రితం డాక్టరు దగ్గర్నించి పంటి అచ్చు వచ్చింది మా ల్యాబ్‌కి. రంగు కలవడం లేదని రెండుసార్లు తిప్పి పంపింది. రెండోసారి తిరిగొచ్చాక నేను దాన్ని ముట్టుకోకుండా నాలుగు రోజులు డబ్బాలో ఉంచి, అదే పంపించాను. అబ్బ, ఇప్పుడు సరిగ్గా కుదిరింది అని కబురొచ్చింది. నేనేం చేస్తానో ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదు. మీరు జాబ్ చేస్తారు కదా, అందుకే లేటవుతుంది అంటుంది, జాబ్ అన్నప్పుడు ఏదో అంటురోగం పేరెత్తినట్టు గొంతు తగ్గించి. లేటవుతుంది తల్లీ, అవుతుంది. నీ నోట్లో నా చేతి పని పెట్టుకుని నన్నే అంటున్నావు, అను.

చిన్నది ఆ ఎడమపక్క లోతులేని నీళ్ళలో ఉంది, పసుపు టోపీ, పిల్లల బ్యాచ్. గట్టు పట్టుకుని కాళ్ళు కొట్టుకుంటోంది. దాని అక్క, మా పెద్దది, మూడో వరసలో, నీలం టోపీ. జట్టు వాళ్ళకి నీలం. పదేళ్ళు దానికి. నలుగురు పిల్లల రిలే జట్టులో నాలుగోదిగా పోయిన వారమే తీసుకున్నారు. ఇంకో రెండు వారాల్లో పోటీ. రెండేళ్ళు దానికోసం చచ్చిపోయింది పిల్ల. లేపకుండానే లేవడం, తడి టోపీ పెట్టుకునే బడికెళ్ళడం, మంచంమీద పడుకుని కూడా కాళ్ళు ఆడించడం. జట్టు పేర్ల కాగితం ఫోటో తీయించి బీరువా తలుపు లోపలివైపు అంటించుకుంది, బయట అంటిస్తే గొప్పలు పోతున్నట్టుంటుందని. అలాంటి పిల్ల. నోట్లో నాలుక లేదంటారు, ఆ రకం. బట్టలు మార్చుకునే గది తలుపు పక్కన బోర్డుంది, పోయిన ఏడాది ఇద్దరు పెద్ద పిల్లలు జుట్లు పట్టుకున్నాక పెట్టారు: జట్టులో ఉన్నవాళ్ళు ఇంకొకరికి దెబ్బ తగిలిస్తే ఆ ఏడాదంతా జట్టు బయటే. చిన్న బ్యాచ్ పిల్లలైతే అందరి ముందూ క్షమాపణ. చిన్నదానికి పడింది ఆ రెండోది. కోచ్ నాకు విడిగా రాశాడు కూడా: 'పాపని అడిగాను మేడమ్, నువ్వేనా అంటే తలూపింది.' తలూపదా మరి! మెళ్ళో విజిల్, చేతిలో కాగితం, ఆరడుగుల మనిషి పైనించి వంగి అడిగితే నేనైనా తలూపుతాను.

నిన్న నాకు పన్నెండు నిమిషాలు లేటయింది. పన్నెండే. బస్సు దిగి పరిగెత్తుకుంటూ వస్తే ఇద్దరూ మెట్లమీద కూర్చుని ఉన్నారు, పెద్దది చిన్నదాని తల తుడుస్తోంది. ఏమైందే అంటే ఏం లేదమ్మా అంది పెద్దది. నేనింకేం అడగలేదు, చిన్నదానికి ఆకలేస్తోందేమో అనుకున్నాను, నాకాకలేస్తోంది కాబట్టి. పొద్దున బూట్లు కడుతుంటే అప్పుడు చెప్పింది చిన్నది, నా నెత్తిమీద చెయ్యి పెట్టుకుని నిలబడి, ఏదో బడి సంగతి చెప్పినట్టు: తువ్వాలు కప్పారు. ఎవరే? అక్క వాళ్ళ జట్టు అక్కలు. మొహంమీద కప్పి వెనకనించి పట్టుకున్నారు. ముసలమ్మా ముసలమ్మా అన్నారు. ఊపిరి రాలేదు. మరి నువ్వేం చేశావే? అంతలో బడి వ్యాన్ వచ్చేసింది. ముసలమ్మ ఎందుకంటే పైన ముందు పళ్ళు రెండూ లేవు దానికి. ఒకటి మూడు వారాల క్రితం ఊడింది, రెండోది మొన్న ఆదివారం బ్రెడ్డు ముక్కలో వచ్చింది. మూడు వారాల్నించి ఆ గదిలో దాని పేరే అది. చూడండి ఎంత చక్కగా ఉందో! ముసలమ్మా ముసలమ్మా అని పిలిచే నోళ్ళే ముసలమ్మ కరిచింది అంటే నమ్మేశాయి. పద్నాలుగు మంది తల్లులు నమ్మేశారు. ఇంత బోసినోటితో ఎలా కరిచిందీ అని ఒక్క మనిషి, ఒక్కటంటే ఒక్కటి, ఆగి ఆలోచించలేదు. ఫోటోలో పైవరసన ముందు రెండు పళ్ళూ పలకల్లా దిగి ఉన్నాయి. నేను పళ్ళతోనే బతుకుతున్నాను పద్దెనిమిదేళ్ళుగా. నాకా చెప్తారు.

అందుకే సరే అన్నాను. పొద్దున్నించీ కడుపులో ఒక రకమైన సంబరం. కోపమే, కానీ సంబరంలా ఉంది. ఆరింటికి దిగుతాను. అందర్నీ రానిస్తాను, వరసగా నిలబడనిస్తాను, ఆవిడ ఆ నవ్వు పెట్టుకుని నిలబడనిస్తాను. చిన్నది నోరు తెరవబోతుంటే అప్పుడు వెళ్ళి దాని పై పెదవి ఎత్తి పట్టుకుని, ఇదిగో కోచ్ గారూ, మీరు విజిల్ ఊదడమే గానీ కళ్ళు వాడరా అంటాను. అదిగో ఫోటో, ఇదిగో నోరు, కలపండి ఎలా కలుస్తుందో అంటాను. కెప్టెన్ వాళ్ళమ్మా, మీ పిల్ల నా పిల్లకి ఊపిరాడకుండా తువ్వాలు ఎందుకు కప్పిందో అది కూడా గ్రూపులో రాయండి అంటాను. ఓనరుకి కడుపునొప్పి అని అబద్ధం చెప్పి బయటపడ్డాను. బస్సులో ఈ మాటలన్నీ మూడుసార్లు అప్పజెప్పుకున్నాను. పక్కన కూర్చున్నామె లేచి వేరే సీట్లోకి పోయింది, బయటికే అనుకున్నానేమో.

మంగళ బుధ గురు వారాలు ఈత, శనివారం పెద్దదానికి బొమ్మలు, చిన్నదానికి పాట. ఈ పాట్లన్నీ ఎవరి బుర్రలో పుట్టాయో, నా బుర్రలోనే. అందరి పిల్లలూ ఏదో ఒకటి చేస్తుంటే మన పిల్లలు గోడలు చూస్తూ కూర్చుంటారా అని. వాళ్ళ నాన్నకేం, వేరే ఊళ్ళో ఉద్యోగం, నెలకో ఆదివారం వచ్చి బాగా ఎదిగారే అంటాడు, మొక్కల్ని చూసి అన్నట్టు. టోపీ కొత్తది, కళ్ళద్దాలు కొత్తవి, ఫలానా సంతకం, ఫలానా ఫారం, రేపు పిల్లలందరూ తెల్ల సాక్సులు వేసుకురావాలి అని రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో. సాక్సులా! నీళ్ళలోకి సాక్సులెందుకే? గట్టుమీద ఫోటోకట. ఇంత చేసినా ఏమయింది, పోయిన నెల కెప్టెన్ పిల్ల పుట్టినరోజుకి జట్టులో పిల్లలందర్నీ, జట్టులోకి రాబోయే పిల్లలందర్నీ పిలిచారు, మా పెద్దదాన్ని తప్ప. మర్నాడు అందరూ ఒకే రకం గులాబీ రిబ్బన్లతో వచ్చారు. ఇది రిబ్బను లేకుండా నీళ్ళలో దిగింది. నేనేమన్నాను? నవ్వేసి ఊరుకోవే, మనం గొడవ పెట్టుకునే వాళ్ళం కాదు, మనమీద ఇప్పటికే కళ్ళు. ఊరుకుంది. ఏది చెప్పినా ఊరుకుంటుంది. చెల్లెల్ని చూసుకో అంటాను రోజూ పొద్దున, తలుపు వేస్తూ. చూసుకుంటాను అంటుంది. మళ్ళీ చెప్తాను. మళ్ళీ అంటుంది.

"ఏమ్మాయ్, చిన్నది అంత పని చేసిందా?" థర్మాస్ పిన్నిగారు. మనవరాలి కోసం వస్తుంది, ఎప్పుడూ చేతిలో ఎర్ర థర్మాస్. ఈ గ్యాలరీలో నాతో మనిషిలా మాట్లాడేది ఆవిడొక్కతే. నా పక్క కుర్చీలోకి జరిగి, గొంతు తగ్గించకుండానే అడిగింది, వినేవాళ్ళు వినండి అన్నట్టు.

"చెయ్యలేదు పిన్నిగారూ. ఇలా చూడండి." ఫోటో రెండు వేళ్ళతో పెద్దది చేసి చూపించాను. "ఇది పైవరస. ముందు రెండూ ఎలా దిగాయో చూశారా? దానికి ఆ రెండూ లేనే లేవు."

"అవునే!" ఆవిడ తొడమీద చరుచుకుంది. "నిజమే కదటే, నిన్న నాకేసి నవ్వితే బొక్కే కనిపించింది. ఎంత గుడ్డివాళ్ళే వీళ్ళు! చెప్పు కిందికెళ్ళి, బాగా గడ్డిపెట్టు." థర్మాస్ మూతలో టీ పోసి నా చేతికిచ్చింది. తనకి పోసుకోవడానికి వేరే కప్పు వెతుక్కుంటూ, మామూలుగా, చిక్కుముడి విప్పేవాళ్ళు అడిగినట్టు అడిగింది. "అయితే మరి కరిచింది ఎవరే?"

నేను ఫోటో చూశాను. పొద్దున్నించి నలభైసార్లు చూసి ఉంటాను, కానీ చూసిందల్లా ఇందులో నా చిన్నదాని పళ్ళు లేవు అన్నదే. ఉన్న పళ్ళు ఎవరివని చూడలేదు. ఇప్పుడు చూశాను, బల్ల దగ్గర దీపం కింద చూసినట్టు చూశాను. అచ్చులో ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది, దానికి నేను ఆలోచించక్కర్లేదు, కళ్ళే తిప్పుకుంటాయి. ముందు రెండూ తిన్నగా, వెడల్పుగా, కొత్త పళ్ళు, అంచులు ఇంకా అరగలేదు. కుడివైపు రెండోది చిన్న గీత. ఎడమవైపు రెండోది లేదు. ఆ చోట చర్మం మామూలుగా ఉంది. దాని తర్వాత మళ్ళీ కోరపన్ను చుక్క ఉంది. ఊడిపోయి లేకపోవడం కాదు అది, ఊడిపోతే పక్కవి ఇలా ఇరుక్కుని ఉండవు. పన్ను ఉంది. లోపలికి పోయి ఉంది, అందుకని చర్మానికి అందలేదు. కిందివరసలో సరిగ్గా దానికెదురుగా ఒకటి మెలి తిరిగి ఉంది. ఈ నోరు నాకు తెలుసు. కిందటి నెలలో అచ్చు పిండి కలిపి, ముక్కుతో ఊపిరి పీల్చవే, అయిపోయింది, అయిపోయింది అని బుజ్జగిస్తూ నేనే అచ్చు తీశాను. క్లిప్పులు ఇప్పుడే వెయ్యాలా ఇంకో ఏడాది ఆగాలా అని డాక్టరుకి చూపించడానికి. ల్యాబ్‌లో నా బల్లమీద కిటికీ పక్కన పెట్టుకున్నాను. ఎడమవైపు రెండో పన్ను లోపలికి. పెద్దదానిది.

"టీ చల్లారిపోతుందే, తాగు."

తాగాను. నాలుక కాలింది. ఊళ్ళో వెయ్యిమంది పిల్లలకి ఆ పన్ను లోపలికే ఉంటుంది, ఇదేం పెద్ద వింత కాదు. పన్ను ఉంటే ఉంటుంది, కింద మెలి కూడానా? మెలి కూడా ఉండొచ్చు. ఆ గదిలో, నిన్న, ఆ తువ్వాలు చుట్టూ ఉన్న నలుగురిలో ఇంకొకరికి కూడా ఉండొచ్చు. ఎవరికుంది, చెప్పు. నీళ్ళలోంచి తలలు లేస్తున్నాయి, నీలం టోపీలు, నోళ్ళు తెరిచి గాలి పీలుస్తున్నాయి. ఈ దూరంనించి కూడా నాకు పళ్ళు కనిపిస్తాయి, అదే నా రోగం. కెప్టెన్ పిల్లకి అన్నీ తిన్నగా, క్లిప్పులేసి లాగించారు. రెండోదానికి ముందు పళ్ళ మధ్య సందు. మూడోదానికి చిన్న పళ్ళు, దూరం దూరం. నాలుగోది మాది. నాలుగోది గోడ తాకి, నీళ్ళు తుడుచుకుని, గాజుకేసి చూసింది. నేనిక్కడున్నానని దానికి తెలుసు. ఎప్పుడూ చెయ్యెత్తుతుంది. ఎత్తలేదు. మళ్ళీ మునిగింది.

మంచి పని చేశావే! మొదట అదే వచ్చింది, ఒట్టు, అబద్ధం ఎందుకు. ఒళ్ళంతా జల్లుమంది. నా నోట్లో నాలుక లేని పిల్ల, నవ్వేసి ఊరుకునే పిల్ల, చెల్లెలికి ఊపిరాడకపోతే పోయి, ఆ కెప్టెన్ చెయ్యి పట్టుకుని, కండ దిగేలా కొరికింది. ఇంకొంచెం గట్టిగా కొరకాల్సింది. రిబ్బన్లకీ, పన్నెండు నిమిషాలకీ, మీరు జాబ్ చేస్తారు కదాకీ, అన్నిటికీ కలిపి కొరకాల్సింది. ఆ తువ్వాళ్ళ కింద, ఆ తోపులాటలో కెప్టెన్ పిల్లకి కరిచిందెవరో కనబడి ఉండదు, తువ్వాలు కింద ఉన్నది చిన్నది కాబట్టి చిన్నదే అనుకుంది. సరే. అక్కడిదాకా అర్థమైంది. ఆ తర్వాత కోచ్ వచ్చాడు కదా. అందర్నీ అడిగాడు కదా. నేను చూడలేదు సార్ అందట పెద్దది, అది కూడా రాశాడు కోచ్, మీ పెద్ద పాప కూడా చూడలేదంది అని. అక్కడ నిలబడి, నోట్లో ఇంకా ఆ పిల్ల చెయ్యి రుచి ఉండగా, నేను చూడలేదు సార్ అంది. చెల్లెలు తలూపుతుంటే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత మెట్లమీద కూర్చుని దాని తల తుడిచింది. ఛీ. ఎవర్నించి వచ్చిందే నీకీ బుద్ధి?

ఎవర్నించి ఏమిటి, నా మొహం. చలికాలం మొదట్లో ఒక పెద్దాయనకి కట్టుడు పళ్ళు చేశాం. ఒకేరోజు రెండు జతల అచ్చులొస్తే నేను ఒకరి పైవరసకి ఇంకొకరి కిందివరస జతచేశాను. ల్యాబ్‌లో మైనం బల్ల దగ్గర పనిచేసే ఆమె పాపం దానిమీదే పళ్ళన్నీ పేర్చింది. ఆయన పెట్టుకుంటే నోరు మూతపడలేదు. పళ్ళు పేర్చింది ఎవరు అని ఓనరు అడిగాడు, జతచేసింది ఎవరు అని అడగలేదు. ఆమెని అందరి ముందూ పావుగంట తిట్టాడు. నేను పొడి లాగే చిమ్నీ కింద తలొంచుకుని రుద్దుకుంటూనే ఉన్నాను, మిషను చప్పుడుకి వినబడనట్టు. ఇంటికొచ్చి, తింటున్నప్పుడు, పిల్లలకి చెప్పాను! ఆ పెద్దాయన నోరెలా పెట్టాడో చేసి చూపించాను, ఇద్దరూ పడీపడీ నవ్వారు. మరి ఆ ఆంటీ ఏమంది అని అడిగింది పెద్దది, నవ్వు ఆపి. ఏమంటుందే, ఆయన తిట్లు ఆవిడకి అలవాటేగా. నువ్వు చెప్పలేదా? చెప్తే నా పని పోయేది కదే, ఆవిడకైతే తిట్లతో పోయింది. కాసేపు ఆలోచించింది. ఊఁ అని తలూపింది. అంతే, గిన్నె తీసుకుని లేచింది. అంత శ్రద్ధగా వింటుందని నాకేం తెలుసు?

ఇరవై నిమిషాలుంది. చెప్పెయ్యాలి. దిగి, చిన్నది కరవలేదు అని చెప్పెయ్యాలి. చెప్తే ఈ పిన్నిగారు అడిగిందే కెప్టెన్ వాళ్ళమ్మా అడుగుతుంది, అయితే మరి ఎవరు? వదిలేస్తుందా ఆవిడ? పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి నోళ్ళు తెరిపిస్తుంది. నేను పళ్ళ మనిషినని తెలిస్తే నా చేతే పరీక్ష చేయిస్తుంది. ఏదమ్మా, చెప్పండి, మీకు తెలుసు కదా. బోర్డుమీద ఉంది, జట్టులో వాళ్ళకి ఏడాది. పెద్దది బీరువా తలుపు తీసి ఆ కాగితం పీకడం నాకిప్పుడే కనబడుతోంది, చడీచప్పుడూ లేకుండా పీకుతుంది, మూలలు చిరక్కుండా. తప్పు వీళ్ళది, తువ్వాలు కప్పింది వీళ్ళు, ఏడాది దీనికి. చిన్నది చెప్తే? ఒక్క నిమిషం. దాని బ్యాచ్ దానికుంటుంది, దాని పసుపు టోపీ దానికుంటుంది, బయటికొచ్చి బిస్కెట్ తినేలోపు మర్చిపోతుంది. ఆరున్నరేళ్ళు. ఆ వయసులో నేను ఎవరికేం చెప్పానో నాకు గుర్తుందా? ఎంత తేలిగ్గా వస్తోందో చూడు నాకీ లెక్క, ఒక పన్ను కాపాడ్డానికి పక్క పన్ను అరగదీసినట్టు. ఆ పక్కది చిన్నది. గట్టు పట్టుకుని కాళ్ళు కొడుతోంది ఇంకా, ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఒళ్ళు మండిపోతోంది నాకు, ఎవరిమీదో కూడా తెలియకుండా. ఆవిడమీదే. కెప్టెన్ వాళ్ళమ్మ మీదే. ఆవిడ ఆ ఫోటో పెట్టకపోతే నేను చూసేదాన్నే కాదు.

విజిల్.

మెట్లు తడిగా ఉన్నాయి. పిన్నిగారు నా వెనకే దిగింది, థర్మాస్ పట్టుకుని, వేడుక చూడ్డానికి, ఆవిడ కళ్ళలో వెలుగు నా వీపుకి తగులుతోంది. గట్టుమీద పిల్లలు తువ్వాళ్ళు చుట్టుకుని వరసగా నిలబడ్డారు, నీలం టోపీలు ఒకవైపు, పసుపు టోపీలు ఒకవైపు. నీళ్ళు కారుతున్న చప్పుడు. కెప్టెన్ వాళ్ళమ్మ ఫోన్ ఎత్తి పట్టుకుంది, వీడియో. రికార్డు కోసమండీ, అంతే అంది నాతో, నవ్వుతూ. కోచ్ విజిల్ జేబులో పెట్టుకుని మోకాళ్ళమీద కూర్చున్నాడు, పాపం మంచివాడిలాగే. "చెప్పమ్మా. భయం లేదు." చిన్నది రెండడుగులు ముందుకొచ్చింది. తువ్వాలు పెద్దది, కింద ఈడుస్తోంది. నాకేసి చూసింది. నేను పెదవి ఎత్తడానికి చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది.

పిన్నిగారు మోచేత్తో పొడిచింది. "చెప్పవేమే?"

"వద్దులెండి పిన్నిగారూ. చిన్నపిల్లల గొడవ."

ఆవిడ నా మొహంకేసి చూసింది. తర్వాత నీలం టోపీల వరసకేసి చూసింది, ఒక్కొక్కరినీ. మా పెద్దది పెదవులు బిగించి నేలకేసి చూస్తోంది. పిన్నిగారు థర్మాస్ మూత బిగించుకుంది, బిగిసి ఉన్నదాన్నే మళ్ళీ, ఓ అడుగు నాకు దూరంగా జరిగి.

"నేను కరిచాను అక్కా," అంది చిన్నది, గట్టిగా, కొలనంతా వినబడేట్టు. "చాలా తారీ. ఇంకెప్పుడూ ఎవల్నీ కరవను." పళ్ళు లేక సారీ తారీ అయింది. పిల్లలు కిసుక్కుమన్నారు. ముసలమ్మ అని ఎవరో గొణిగారు కూడా. నోరంతా తెరిచి చెప్పింది, చిగుళ్ళు మెరుస్తున్నాయి, ముందు రెండు పళ్ళ చోటూ ఖాళీ, అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. కెప్టెన్ పిల్ల చెయ్యి వెనక్కి పెట్టుకుని ఫర్వాలేదు అంది. వెరీ గుడ్ అన్నాడు కోచ్, ఎంత ధైర్యంగా చెప్పిందో చూడండి, అందరూ చప్పట్లు కొట్టండి అన్నాడు. కొట్టారు. కెప్టెన్ వాళ్ళమ్మ ఫోన్ నావైపు తిప్పింది, తల్లి కూడా వీడియోలో ఉండాలి కదా. నా చేతులు లేచాయి. కొట్టాను. అందరి కంటే నేనే ఎక్కువసేపు కొట్టినట్టున్నాను, ఆపేసరికి నా చప్పుడొక్కటే వినబడింది.

బస్సు స్టాపులో బెంచీ తడిగా ఉంది, నిలబడ్డాం. చిన్నది మధ్యలో, దాని బ్యాగు పెద్దదాని భుజంమీద. చిన్నది బిస్కెట్ పక్క పళ్ళతో కొరుక్కుంటూ, నా చెయ్యి పట్టి ఊపింది.

"అమ్మా, బాగా చెప్పానా? ఒక్క తప్పు కూడా పోలేదు కదా? అక్క నాతో పదిసార్లు చెప్పించింది."

పెద్దది రోడ్డుకేసి చూస్తోంది. తడి జుట్టు మెడకి అంటుకుపోయి ఉంది, మెడమీద నరం కదులుతోంది. ఇప్పుడు అడగొచ్చు. ఇప్పుడైనా, ఇద్దరి ముందూ, ఒక్క మాట. బస్సు మలుపు తిరిగింది.

"బాగా చెప్పావమ్మా," అన్నాను.

అప్పుడు తలతిప్పి నాకేసి చూసింది పెద్దది. నిన్నటినించీ మొదటిసారి, సూటిగా, నా కళ్ళలోకి, నాకెంత తెలుసో మొత్తం చదువుకునేదాకా చూసింది. ఆ పిల్ల కళ్ళలో అప్పటిదాకా భయం ఉంది. నేను చూస్తుండగానే పోయింది.